ఈ ఏటి యాత్ర వంతు మాది

సెప్టెంబరు 2. వాన.

ఉషిమారు గారు వచ్చారు. మా వీధి సంఘానికి పెద్ద ఆయనే. లోపలికి రమ్మన్నా రాకుండా గుమ్మంలోనే నిలబడి గొడుగు దులుపుకుంటూ, "ఇకుయొ గారూ, శరత్తు యాత్ర వంతు ఈ ఏడు మీ ఇంటికొచ్చింది. కానీ మీరు ఏడాది మైలలో ఉన్నారాయె. వచ్చే ఏటికి జరుపుకుందాం. ఎవరూ ఏమీ అనుకోరు" అన్నారు.

"వంతు వంతే కదండీ" అన్నాను.

అనేశాక గానీ అన్నానని నాకే తెలియలేదు. ఆయన సాయం కోసం మా ఆయన వైపు చూశారు. మా ఆయన పేపరు పేజీ తిప్పాడు.

"సరే, మీ ఇష్టం" అని ఉషిమారు గారు మళ్ళీ గొడుగు విప్పుకున్నారు. మంచి మనిషి. ఫిబ్రవరిలో మా అమ్మాయి చిగుసను సాగనంపిన రోజు తెల్లవారకముందే వచ్చి, మా వాకిట్లో పడ్డ మంచునంతా పారతో ఎత్తిపోసింది ఆయనే. అడగలేదు, చెప్పలేదు.

అన్నం దగ్గర మా ఆయన అడిగాడు, "నీకెందుకిప్పుడు ఇది?"

"ఎవరో ఒకరు చెయ్యాలిగా."

"నేను మాత్రం రాను."

"మిమ్మల్ని రమ్మని ఎవరన్నారు."

సెప్టెంబరు 3. వాన.

వంకాయలు ఊరబెట్టాను. ఉప్పెక్కువైంది.

సెప్టెంబరు 6. ఎండ.

పక్కింటి యొనె మామ్మ దగ్గరికి వెళ్ళాను. మామ్మకు ఎనభై దాటి చాలా కాలమైంది. కళ్ళకు పొరలు కమ్మి మనుషులు నీడల్లా కనిపిస్తారు. నోరు మాత్రం కత్తి.

"యాత్రకు ఎక్కడికి వెళ్దాం మామ్మా?"

"శ్మశానానికి తప్ప ఎక్కడికైనా వస్తా. అక్కడికి తొందరలేదు, ఎలాగూ ఒకరోజు తీసుకెళ్తారు" అంది. మళ్ళీ తనే, "నీ కూతురి బస్సులో ఇసె పుణ్యక్షేత్రానికి వెళ్ళాం చూడు, అప్పటికే నా కళ్ళు పోయాయి. సముద్రం వచ్చిందని ఆ పిల్ల చెబుతుంటే నా పాదాలు తడిసినట్టనిపించి కాళ్ళు పైకి తీసుకున్నానే. పక్కన కూర్చున్నావిడ నవ్వింది" అంది.

మా వీధిలో సగం మంది చిగుస బస్సు ఎక్కారు. నేను ఎక్కలేదు. పదహారేళ్ళు యాత్రా బస్సుల్లో గైడుగా చేసింది. వస్తానంటే ఒప్పుకునేది కాదు. "నువ్వు ముందు సీట్లో కూర్చుని నా మొహంలోకి చూస్తుంటే నోట మాట రాదమ్మా. నాకు బాగా అలవాటు కానివ్వు, నేనే పిలుస్తా" అనేది. ఇంట్లో నా ముందు ఒక్క పాట కూడా పాడలేదు. స్నానాల గదిలో సన్నగా మొదలుపెట్టి, వంటింట్లో నా అడుగు చప్పుడు వినగానే ఆపేసేది.

హిదా కొండలకని ఖాయం చేశాను. మొదటి రోజు తకయామా పట్నం, రాత్రికి వేడినీటి బుగ్గల ఊళ్ళో బస. రెండో రోజు కొండలు దాటి మత్సుమొతొ, అక్కడ నల్లకోట చూసి తిరుగు ప్రయాణం. చిగుస చివరి ఏళ్ళలో ఎక్కువగా తిరిగింది ఆ దారిలోనే. నేను ఖాయం చేసింది అందుకు కాదు. ఆకు మీద కాల్చే సోయా ముద్ద, మిసో, అక్కడ బాగుంటుంది. పెద్దవాళ్ళు నమలక్కర్లేదు.

సెప్టెంబరు 12. మబ్బు.

ఉషిమారు గారు కాగితాల కట్టతో వచ్చారు. ఆకులు ఎక్కడ ఏ వారం ఎర్రబడతాయో అంతా ఉంది అందులో. ఎరుపు కొండ శిఖరం మీద మొదలై రోజురోజుకూ కిందికి దిగుతుంది కదా, ఆ దిగడం ఎంతెంత ఎత్తులో ఎప్పుడో గీతలు గీసుకొచ్చారు. రైల్వేలో పనిచేసి వచ్చిన మనిషి, ఆకులు కూడా వేళకు రావాలి ఆయనకు.

"అక్టోబరు రెండో వారం. దాటితే లాభం లేదు" అన్నారు. "బస్సు కూడా చూశాను. గైడు ఉండదు గానీ ముందు పెద్ద తెర ఉంటుంది. ఊరి పేరు, కొండ ఎత్తు, అన్నీ అందులో వస్తాయి. ఇప్పుడెవరు గైడును పెట్టుకుంటున్నారు?"

"పెద్దవాళ్ళు మెట్లు దిగేటప్పుడు చెయ్యందించాలి కదండీ" అన్నాను.

"అందిస్తాను."

"బస్సు వెనక్కి తీసేటప్పుడు ఈల వేసేవాళ్ళుండాలి."

"ఇప్పుడు కెమెరాలొచ్చాయండీ."

"ఎవరైనా కళ్ళు తిరిగి పడితే?"

ఆయన కాగితాలు మళ్ళీ కట్ట కట్టుకున్నారు. నేను చెప్పినవన్నీ నిజాలే.

సెప్టెంబరు 15. ఎండ.

చిగుస కంపెనీకి ఫోను చేశాను. పేరు చెప్పలేదు, వీధి సంఘం అని మాత్రమే చెప్పాను. ఎత్తిన ఆయన గొంతు గుర్తుపట్టాను. అంత్యక్రియల్లో మా ఆయన పక్కన మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు ఏడ్చింది ఆయనే.

"శరత్తులో గైడా అమ్మా? ఉన్నవాళ్ళే అయిదారుగురు. అందరూ ఎప్పుడో బుక్ అయిపోయారు" అన్నాడు. కాగితాలు తిరగేసిన చప్పుడు. "నెలాఖరులో, పని రోజుల్లో అయితే ఒకమ్మాయి ఉంది. హొరిబె అని. చిన్నది, కానీ మంచి చేతికింద తయారైంది."

ఎవరి చేతికిందో నాకు తెలుసు. ఆ పిల్ల కూడా అంత్యక్రియలకు వచ్చింది. నల్లబూట్లు ఎవరివో వేసుకొచ్చింది, నడిస్తే మడమలు బయటికొస్తున్నాయి. ధూపం వేసి, ఎంతకీ లేవలేకపోయింది. చిగుస అన్నం దగ్గర చెబుతుండేది: "హొరిబెకు నేను చెప్పిందంతా పట్టుబడిందమ్మా. అద్దంలో చూసుకున్నట్టుంటుంది, భయమేస్తుంది."

"ఎవరైనా ఫరవాలేదు" అన్నాను ఫోన్లో.

పెట్టేశాక టీ కాచబోయి, ఆకు వెయ్యకుండా ఉత్త నీళ్ళే కప్పులో పోశాను. పొద్దున్నించీ ఏమీ తినలేదు, అందుకే.

సెప్టెంబరు 21. మబ్బు, తర్వాత ఎండ.

సంఘం హాల్లో సమావేశం. టీ నేను పెట్టాను, బియ్యప్పిండి రొట్టెలు కానెకొ గారి ఇంటివాళ్ళు తెచ్చారు.

విషయం ఒక్కటే. గైడు కావాలంటే యాత్ర అక్టోబరు ఆఖరుకు పోవాలి. అప్పటికి కొండల మీద ఆకులు రాలిపోతాయి. ఆకులు కావాలంటే గైడు ఉండదు.

ఉషిమారు గారు గీతల కాగితం గోడకు అంటించి చెప్పారు. ఆయన చెబుతుంటే అందరూ తలలూపారు. నాకు మాట్లాడటం రాదు. బడికి వెళ్ళింది తక్కువ, నేత మిల్లులో మగ్గాల మోతలో పెరిగినదాన్ని. నలుగురిలో నోరు తెరిస్తే అరిచినట్టుంటుందని చెబుతారు. మెట్ల సంగతే మళ్ళీ చెప్పాను.

"ఇకుయొ గారూ, యాత్ర అంటే ఆకులు చూడటానికి కదా" అన్నారాయన, నెమ్మదిగానే.

అప్పుడు యొనె మామ్మ గోడకు చేరగిలబడినదల్లా కదిలింది.

"ఏం నాయనా, నీ కాగితంలో ఆకులు ఏ రంగులో ఉన్నాయి?"

"ఎరుపు, మామ్మగారూ."

"నాకు బూడిద రంగు. రాలినా బూడిదే, ఉన్నా బూడిదే. నువ్వు పక్కన కూర్చుని చెప్తావా, ఇదిగో ఇక్కడ పసుపు, అక్కడ నిప్పు అంటుకున్నట్టుంది, ఆ మూలన ఒక్క చెట్టు మాత్రం ఇంకా పచ్చగా మొండికేసిందీ అని? నీకేం, ఎక్కగానే నిద్రపోతావు. పోయినేడు నీ గురక విని బస్సు పాడైందనుకున్నా."

హాలంతా నవ్వింది. ఉషిమారు గారు కూడా నవ్వారు, చెవులు ఎర్రబడ్డాయి. ఆయనే లేచి కాగితం పీకి మడతపెట్టి, "ఆఖరులోనే వెళ్దాం. తకయామా పట్నం పల్లంలో ఉంది, అక్కడ ఉంటాయిలెండి ఆకులు" అన్నారు.

ఆ మాట ఆయన నోటే వచ్చింది. ఎంత పెద్ద మనసు కావాలి దానికి.

తిరిగొచ్చేటప్పుడు మామ్మ నా చెయ్యి పట్టుకుని నడుస్తూ, "మెట్లట, మెట్లు" అంది. నేను విననట్టే ఉన్నాను.

సెప్టెంబరు 23. ఎండ.

విషువత్తు, పోయినవాళ్ళను తలుచుకునే రోజు. సమాధి దగ్గరికి వెళ్ళొచ్చాం. చిక్కుడు తీపిముద్దలు చేసి తీసుకెళ్ళాను. మా ఆయన రాయి కడుగుతూ చాలాసేపు కడిగాడు. శుభ్రంగానే ఉంది అప్పటికే.

అక్టోబరు 1. ఎండ.

దారిలో తకయామా గుడి తీసేశాను. ఉషిమారు గారు చూసి, "తోరణ ద్వారం ఉన్న గుడి కదా, మైలలో మీరు దాని కింద నుంచి రాకూడదని తీసేశారా?" అని సూటిగా అడిగారు.

మెట్లెక్కువ అన్నాను.

యొనె మామ్మకు ఎలా తెలిసిందో, సాయంత్రం గోడ అవతల నుంచే కేకేసింది: "ఏమే, మాకు దేవుణ్ణి కూడా లేకుండా చేస్తున్నావట. తోరణం కింద నుంచి వెళ్ళకు, పక్కనించి రా. దేవుడేమన్నా టికెట్ కలెక్టరా, అడ్డదారిన వస్తే పట్టుకోడానికి?"

గుడి మళ్ళీ పెట్టాను.

అక్టోబరు 4. ఎండ.

బస్సులో ఎవరి సీటు ఎక్కడో రాశాను. కీళ్ళ నొప్పులవాళ్ళు తలుపు దగ్గర, తాగేవాళ్ళు వెనకాల. యొనె మామ్మ పక్కన నేను, మొదటి వరసలో. ముందు కూర్చుంటే కడుపులో తిప్పదు.

నాకు ఎప్పుడూ తిప్పలేదనుకో.

అక్టోబరు 10. చల్లగా ఉంది.

హొరిబె వచ్చింది. యాత్రకు ముందు గైడు వచ్చి మాట్లాడి వెళ్ళడం ఈ కంపెనీ పద్ధతి. వాకిట్లో పేరు పలక చూసే ఉంటుంది. నేను తలుపు తీసేసరికి నడుము దాకా వంగి ఉంది, మొహం కనిపించలేదు.

"ఫోను మీరే చేసి ఉంటారని అనుకున్నా" అంది. "ఆఫీసులో ఆయన కూడా గొంతు పోల్చుకున్నారు. ఏమీ అనొద్దన్నారు."

ముందు చిగుస ఫొటో దగ్గర కూర్చుని ధూపం వేసింది. గంట కొట్టింది. ఈసారి తొందరగానే లేచింది. లేస్తూ కళ్ళు తుడుచుకుని, సంచిలోంచి పెన్సిలు తీసింది. ఆ తిరగడం చూసి ముచ్చటేసింది. ఏడుపు అటు, పని ఇటు, మధ్యలో గీత గీసినట్టు.

అందరి పేర్లూ అడిగింది. ఎవరికి ఒంటికి త్వరగా వస్తుంది, ఎవరు చెప్పుకోడానికి సిగ్గుపడతారు, ఎవరికి ఎవరితో పడదు. ఎవరైనా ఈ ఏడాది ఎవర్నైనా పోగొట్టుకున్నారా అని అడగబోయి ఆగిపోయింది.

"అడుగమ్మా" అన్నాను. "అడగాల్సిందేగా."

"చిగుస అక్క అడిగించేది. పోగొట్టుకున్నవాళ్ళుంటే కొన్ని పాటలు మానెయ్యాలి అనేది."

"ఏం మానెయ్యొద్దు. నా కోసం ఏమీ మార్చొద్దు. మీ అక్క ఎలా చెబుతుందో అలాగే చెప్పు."

మొదటిసారి నోరు తెరిచి అడిగాను. ఆ పిల్ల నా వంక చూసింది. "అక్క కాగితాలు చూడనిచ్చేది కాదండీ" అంది. "సాయంత్రం బస్సు కడిగేటప్పుడు అక్క చెప్పేది, నేను వెనక చెప్పేదాన్ని. అక్క ఎక్కడ ఊపిరి పీలిస్తే అక్కడే నేనూ పీల్చాలి. మాట తప్పితే తిట్టేది కాదు, చక్రాలు మళ్ళీ కడిగించేది. మా డిపోలో నా బస్సు చక్రాలంత మెరిసేవి ఇంకోటి లేవు."

నవ్వాను. నా నవ్వు విని మా ఆయన లోపల్నించి వచ్చాడు. ఆ పిల్ల పెన్సిలు ఎత్తిపట్టుకుని, "బాబాయిగారూ, మీరు ఎటు కూర్చుంటారు?" అని అడిగింది.

"కిటికీ పక్కన" అన్నాడు.

ఆ తర్వాత తను రానన్న సంగతి గుర్తొచ్చినట్టుంది. పెరట్లోకి వెళ్ళిపోయాడు.

అక్టోబరు 11. ఎండ.

మా ఆయన బూట్లు తుడుచుకుంటున్నాడు. ఎందుకని అడగలేదు.

అక్టోబరు 18. వాన.

వద్దు. రేపు ఉషిమారు గారికి చెప్పేస్తాను, ఆయన్నే తీసుకెళ్ళమంటాను. మోకాలు నొప్పి అంటాను.

ఆ పిల్ల అదే టోపీ పెట్టుకుంటుంది, అవే తెల్ల చేతితొడుగులు. నా ఎదురుగా నిలబడి చిగుస మాటలు చెబుతుంది. బాగా చెబితే నేను తట్టుకోలేను. బాగా చెప్పకపోతే ఇంకా తట్టుకోలేను.

ఇంతకాలం మెట్లు, ఈల, మిసో అని ఏవేవో రాశాను. నా బిడ్డ పదహారేళ్ళు ఏం చేసిందో నేను వినలేదు. ఒక్కసారి వినాలి. వినడానికి ఇదొక్కటే దారి. అంతే సంగతి.

అక్టోబరు 19. వాన.

ఉషిమారు గారింటికి వెళ్ళాను. ఆయన యాత్రకు జెండా కుడుతున్నారు. గైడు పట్టుకోవడానికి, మా వీధి పేరు రాసి. సూది దారం ఎక్కించడం రాక కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుని తిప్పలు పడుతున్నారు.

"ఏం పని మీదొచ్చారు?" అన్నారు.

"దారం ఎక్కిద్దామని" అన్నాను. ఎక్కించి వచ్చేశాను.

అక్టోబరు 28. ఎండ.

అన్నం ముద్దలు చేశాను, అందరికీ. ఉప్పు సరిగ్గా పడింది.

అక్టోబరు 29. ఎండ. వేడినీటి ఊరు.

అందరూ నీళ్ళలోకి వెళ్ళారు. నేను తర్వాత వెళ్తానని చెప్పి రాస్తున్నాను.

పొద్దున్న బస్సు కదిలింది. హొరిబె ముందు నిలబడింది. బస్సు ఎటు వంగితే అటు ఒళ్ళు వంచుతూ, ఏదీ పట్టుకోకుండా నిలబడుతుంది. వరిగడ్డి కట్టలు పొలాల్లో నిలబెట్టారని చెప్పింది, "వయసులో ఉన్నవాళ్ళు నిటారుగా, ముసలివాళ్ళు ఒకరి మీదొకరు వాలి" అంది. యొనె మామ్మ, "మా గుంపే అయితే" అంది. రంగుల దగ్గర రంగు పేరు చెప్పదు. మామ్మ వైపు తిరిగి, "ఈ చెట్టు రంగు, పొయ్యిలో ఆరిపోబోయే బొగ్గుంటుందే, ఊదితే ఒక్క క్షణం వెలుగుతుందే, అది" అంటుంది. మామ్మ కళ్ళు మూసుకుని తల ఊపుతుంది. నేను ఆ చెట్టు చూస్తూనే ఉన్నాను, ఆ పిల్ల చెప్పేదాకా నాకూ కనిపించలేదు.

ఇంత బాగుంటుందని నాకు తెలియదు. మాటలంటే మాటలే అనుకున్నాను. ఒక రోజల్లా ముసలివాళ్ళను నిద్రపోనివ్వకుండా, విసుగు రానివ్వకుండా, మధ్యలో ఎవరు ఎప్పుడు దిగాలో మొహాలు చూసి కనిపెడుతూ, నిలబడే ఉండాలి. ఉషిమారు గారు గురక పెట్టలేదు.

మొదటి సొరంగం వచ్చింది. లోపలికి వెళ్ళబోయే ముందు ఆ పిల్ల చిన్నగా దగ్గింది. రెండు దగ్గులు, రెండోది చిన్నది.

ఆ దగ్గు నాకు తెలుసు.

రెండో సొరంగం ముందు మళ్ళీ. మూడోదాని ముందు మళ్ళీ. బస్సు ఆగినప్పుడు పక్కకు పిలిచాను. "జలుబు చేసిందా అమ్మాయ్?"

"లేదండీ. ఎందుకు?"

"సొరంగం ముందు దగ్గుతున్నావు."

"ఓ, అదా. అది ఉండాలి కదండీ. అక్క ప్రతి సొరంగం ముందూ దగ్గేది. లోపల హోరుకి గొంతు పెంచాలి కదా, అందుకు సర్దుకోవడం అనుకున్నా. నాకు మొదట్లో రెండో దగ్గు కుదరలేదు. నెల పట్టింది." మొహం చిన్నబోయింది. "తప్పుగా చేస్తున్నానా?"

అది చిగుస చీకటి భయం. చిన్నప్పటి నుంచీ అంతే. మేడ కింద చీకటి గదిలోకి వెళ్ళాలంటే రెండుసార్లు దగ్గి, నేనొస్తున్నానని చీకటికి చెప్పి వెళ్ళేది. మాన్పించాలని తేనెలో ముల్లంగి నానబెట్టి ఏడాదంతా తాగించాను, మొదట గొంతు జబ్బనుకుని.

"తప్పేం కాదు. బాగా కుదిరింది" అన్నాను.

"హమ్మయ్య. నా కింద ఇప్పుడు ఇద్దరు కొత్తవాళ్ళున్నారండీ. వాళ్ళకీ నేర్పేశాను."

తకయామాలో ఆకులు నిండుగా ఉన్నాయి. ఉషిమారు గారు తనే పూయించినట్టు అందరికీ చూపించారు. గుడి దగ్గర నేను తోరణం పక్కనించి వెళ్ళాను. వెనక్కి చూస్తే మా ఆయన కూడా పక్కనించే వస్తున్నాడు. యొనె మామ్మకు ఏ మైలా లేదు, అయినా ఆమె కూడా అటే వచ్చింది.

అక్టోబరు 31. ఎండ. ఇల్లు.

నిన్నటిది రాయాలి. నిన్న రాయలేకపోయాను.

పొద్దున లేచేసరికి బస చుట్టూ తెల్లగా ఉంది. మంచు కాదు, పొగమంచు. గుమ్మంలో చెప్పులు కూడా తడుముకోవాల్సి వచ్చింది. బసావిడ దీపం పట్టుకుని బస్సు దాకా వచ్చి, పొగమంచు తన తప్పే అయినట్టు వంగి వంగి మన్నించమంది. బస్సు వెళ్ళిపోతుంటే చెయ్యి ఊపుతూ నిలబడింది. రెండడుగులు దాటగానే మనిషి కనిపించలేదు. ఊపుతూనే ఉండి ఉంటుంది, నాకు తెలుసు.

"ఇంక ఏం కొండలు" అని వెనకాల ఎవరో అన్నారు. "తెరలో చూసుకోవాల్సింది."

హొరిబె మైకు తీసుకుంది. "పొగమంచు లేకపోతే" అని మొదలుపెట్టింది. చిన్న గొంతు పోయింది, నిలకడగా ఉంది. "పొగమంచు లేకపోతే, ఇప్పుడు మీ ఎడమ చేతి వైపు, మన కాళ్ళ కిందుగా ఒక ఏరు కనిపిస్తుంది." తెల్ల చేతితొడుగు ఎడమ వైపుకి సాగింది. అందరం ఎడమ వైపుకి చూశాం. తెలుపు. "రాళ్ళు తెల్లనివి, నీళ్ళు పచ్చనివి. వంతెన మీద ఒక ముసలాయన చేపల కోసం కూర్చుని ఉంటాడు. ఎప్పుడూ ఉంటాడు. ఎప్పుడూ ఏమీ పడవు."

యొనె మామ్మ పెద్దగా అంది, "ఇప్పుడు దారికొచ్చారు. అందరూ నాతో సమానం."

అలాగే వెళ్ళాం. లేని చెట్లు చూశాం, లేని జలపాతం చూశాం. ఉషిమారు గారు జలపాతానికి మెడ సాచి చూశారు. నా జన్మలో నేను ఇంత బాగా ఏదీ చూడలేదు.

ఒక మలుపు దగ్గర డ్రైవరు బస్సు మెల్లగా ఆపాడు. ఎప్పుడూ ఆపే చోటట.

"పొగమంచు లేకపోతే మీ కుడి చేతి వైపు కాసా కొండ. వరిగడ్డి టోపీ పెట్టుకున్నట్టుంటుంది. మిగతా కొండలన్నీ తలలెత్తి వరసగా నిలబడి ఉంటే ఇదొక్కటే టోపీ పెట్టుకుని కూర్చుని ఉంటుంది. ఈ చుట్టుపక్కల వాళ్ళు ఏం చెబుతారంటే, ఈ కొండ ఒకరోజు ప్రయాణానికి బయల్దేరింది. టోపీ పెట్టుకుంది, గడపలో కూర్చుని చెప్పులు కట్టుకోవడం మొదలుపెట్టింది. మిగతా కొండలు రమ్మని పిలిచాయి. వస్తున్నా, వస్తున్నా అంది. ఇంకా కట్టుకుంటూనే ఉంది."

నా చేతుల్లోంచి టీ సీసా జారి కింద పడింది.

ఈ చుట్టుపక్కల వాళ్ళెవరూ అది చెప్పరు. చెప్పింది నేను. చిగుస బాలవాడికి వెళ్ళే రోజుల్లో గడపలో కూర్చుని ఎంతకీ బూట్లు తొడుక్కునేది కాదు. గోడ మీద పాలవాళ్ళిచ్చిన క్యాలెండరులో ఆ కొండ బొమ్మ ఉంది. అదిగో ఆ కొండలా కూర్చున్నావు అని మొదలుపెట్టి, పొద్దుటి తొందరలో నోటికొచ్చిందల్లా కలిపి చెప్పాను.

హొరిబె ఇంకా చెబుతోంది. "ఎందుకు లేవదో ఆ సంగతి మాత్రం మా అక్క నాకు నేర్పలేదు. ఇక్కడికి రాగానే ఆపేసి, 'తర్వాతది మా అమ్మకే తెలుసు, ఒకరోజు తీసుకొస్తాను, అప్పుడు అడగండి' అనేది. ఎక్కినవాళ్ళంతా నవ్వేవాళ్ళు. నేనూ ఇక్కడే ఆపుతాను." చెయ్యి కుడి వైపునే ఉంచి, నా వైపు చూసింది. "ఇవాళ అమ్మగారు బస్సులోనే ఉన్నారు."

మైకు నా ముందుకొచ్చింది. నేను తల అడ్డంగా ఊపాను. నలుగురిలో మాట్లాడటం నాకు రాదు. పైగా మిగతాది నాకూ తెలియదు, ఉందో లేదో కూడా గుర్తులేదు. ఇంజను ఒక్కటే గొణుగుతోంది.

యొనె మామ్మ మోచేత్తో పొడిచింది. "లెగవే."

లేచాను. మొదటి సీటు కమ్మీ పట్టుకున్నాను. అందరి మొహాలూ కుడి వైపు తెలుపులోకే చూస్తున్నాయి, నా వైపు ఎవరూ చూడటం లేదు. అదెంత సాయమైందో.

అప్పుడు గుర్తొచ్చింది. బూట్లు తొడుక్కోవడం అయిపోయినా లేచేది కాదు. "అమ్మా, వెళ్ళొస్తా" అనేది. నేను గిన్నెల్లో చేతులు పెట్టి ఉండేదాన్ని, వినపడేది కాదు. మళ్ళీ అనేది. అలా కూర్చునే ఉండేది.

"చెప్పులు కట్టుకోవడం ఎప్పుడో అయిపోయింది" అన్నాను. మైకులో నా గొంతు ఎవరిదోలా ఉంది. "వెళ్ళొస్తా అని చెప్పింది. చాలాసార్లు చెప్పింది. ఇంట్లోంచి ఇంకా ఎవరూ వెళ్ళిరా అనలేదు. అనకుండా ఎలా వెళ్తుంది? అందుకే కూర్చుంది."

ఎవరూ నవ్వలేదు. ముందు యొనె మామ్మే అంది, కళ్ళు మూసుకునే. "మరి చెప్పు. పాపం, ఎంతసేపు కూర్చుంటుంది."

నేను కుడి వైపుకి తిరిగాను. అద్దానికి అవతల తెలుపు తప్ప ఏమీ లేదు. ఏమీ కదల్లేదు, ఏమీ తేలిపోలేదు.

"వెళ్ళిరా" అన్నాను.

వెనకనుంచి మా ఆయన గొంతు వినిపించింది. ఫిబ్రవరి నుంచీ ఆయన అంత గట్టిగా మాట్లాడింది లేదు.

"జాగ్రత్తగా వెళ్ళిరా" అన్నాడు.